వంద కోట్లకు ఒకటి మిగిలింది



తమిళనాడులోని ధర్మపురి సంతలో కొన్న ఏ అరటిపండైనా గంటకో రెండు గంటలకో ఒకసారి ఒక వింత కణాన్ని పుట్టిస్తుంది. అరటిపండులో పొటాషియం ఉంటుంది. ఆ పొటాషియంలో పదివేల పాళ్లకు ఒక పాలు నిలకడ లేని రకం. దాని పరమాణువులు ఎప్పుడో ఒకప్పుడు విరిగి మరో మూలకంగా మారిపోతాయి. అలా మారేటప్పుడు, బహు అరుదుగా, పాజిట్రాన్ అనే కణం బయటపడుతుంది. బరువులో అది అచ్చంగా ఎలక్ట్రానే. విద్యుదావేశం మాత్రం తలకిందులు: ఎలక్ట్రాన్‌ది రుణం, దీనిది ధనం. పుట్టిన క్షణంలోనే అది పక్కనున్న ఎలక్ట్రాన్‌కు తగులుతుంది. రెండూ మాయమై రెండు గామా కిరణాలు మిగులుతాయి. పండు తినే మనిషి ఒంట్లోనూ పొటాషియం ఉంది కనుక పెద్దవాళ్ల శరీరంలో ఇదే సంగతి గంటకు నూరుసార్లకు పైగా జరుగుతుంది. ఎవరికీ ఏమీ తెలియదు, ఏ హానీ లేదు.

ఈ పాజిట్రానే ప్రతిపదార్థం. క్యాన్సర్ ఆసుపత్రుల్లో పెట్ స్కాన్ అని రాస్తారే, ఆ పెట్ అన్న మాటలో మొదటి అక్షరం పాజిట్రాన్‌దే. రోగికి ఎక్కించే మందులోని ఫ్లోరిన్-18 పాజిట్రాన్లను వదులుతుంది. అవి ఎలక్ట్రాన్లతో కలిసి మాయమయ్యే చోటు నుంచి రెండు గామా కిరణాలు ఎదురెదురు దిక్కులకు దూసుకుపోతాయి. ఆ జంటలను పట్టుకుని యంత్రం కణితి ఎక్కడుందో గీసి చూపిస్తుంది. ఇంతగా వాడుకలోకి వచ్చిన వస్తువు గురించి భౌతికశాస్త్రం ఇంకా జవాబు చెప్పలేని ప్రశ్న ఒకటుంది. ఇది లోకంలో ఇంత తక్కువగా ఎందుకుంది?

ఎక్కువగా ఉండాలని ఎవరన్నారు? లెక్క అన్నది. 1928లో పాల్ డిరాక్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త ఎలక్ట్రాన్ నడకకు ఒక సమీకరణం రాశాడు. ఆ సమీకరణం ఒక జవాబు అడిగితే రెండు ఇచ్చింది. ఒకటి తెలిసిన ఎలక్ట్రాన్. రెండోది అంతవరకూ ఎవరూ చూడని ఎదురు ఆవేశపు కణం. నాలుగేళ్ల తరవాత, 1932లో, అమెరికాలో కార్ల్ ఆండర్సన్ ఆకాశం నుంచి వచ్చే విశ్వకిరణాల జాడలను ఫొటో తీస్తుండగా అయస్కాంతంలో తప్పు దిక్కుకు వంగిన గీత ఒకటి కనిపించింది. అదే పాజిట్రాన్. ప్రోటాన్‌కు ఎదురుజోడు అయిన యాంటీప్రోటాన్ 1955లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో దొరికింది. కాగితం మీది గణితం నుంచి లోకంలోని వస్తువు ఊడిపడ్డ ఘట్టాల్లో ఇంతటిది మరొకటి అరుదు.

ఆ పాజిట్రాన్ల తొలి రోజుల్లోనే మన దేశపు పేరు ఒకటి ఆ శాస్త్రంలో శాశ్వతంగా చేరింది. హోమీ భాభా కేంబ్రిడ్జిలో ఉన్నప్పుడు ఎలక్ట్రాన్, పాజిట్రాన్ ఢీకొంటే ఏ కోణంలో ఎంతగా చెదురుతాయో లెక్కగట్టాడు. 1936లో అచ్చయిన ఆ లెక్కను ఇప్పటికీ భాభా చెదరడం అనే పిలుస్తారు. ఎలక్ట్రాన్లనూ పాజిట్రాన్లనూ ఢీకొట్టించే యంత్రాల్లో ఎన్ని ఢీలు జరిగాయో తేల్చడానికి దాన్నే వాడతారు. ఈ భాభాయే తరవాత ఒక కుర్ర శాస్త్రవేత్తను కోలారు బంగారు గనుల్లోకి పంపాడు. ఆ కథకు వద్దాం. ముందు చిక్కు ఏమిటో పూర్తిగా చూడాలి.

శక్తి నుంచి కణాలు పుట్టేటప్పుడు ప్రయోగశాలలో ప్రతిసారీ జంటగానే పుడతాయి. ఒక ఎలక్ట్రాన్ వస్తే ఒక పాజిట్రాన్, ఒక ప్రోటాన్ వస్తే ఒక యాంటీప్రోటాన్. విశ్వం తొలి క్షణాల్లో ఊహకందని వేడి ఉండేది. ఆ వేడిలో ఇలాంటి జంటలు లెక్కలేనన్ని పుట్టాయి. విశ్వం వ్యాకోచించి చల్లబడేకొద్దీ అవి ఒకదానికొకటి తగిలి మాయమవుతూ వచ్చాయి. రెండూ సరిసమానంగా ఉండి ఉంటే చివరికి వెలుగు తప్ప మిగిలేది దాదాపు ఏమీ లేదు. నక్షత్రాలు లేవు, కావేరి లేదు, మనం లేం. అయినా ఉన్నాం. అంటే ఎక్కడో కొంచెం తేడా పడింది.

ఎంత తేడా? ఇది ఊహ కాదు, కొలిచి చెప్పిన సంఖ్య. ఆనాటి వెలుగు ఇప్పటికీ చల్లారిన మైక్రోతరంగాలుగా ఆకాశమంతా నిండి ఉంది. పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరు దాన్ని కనుగొన్న సంగతి 1965లో బయటికి వచ్చింది. ఆ వెలుగు రేణువులు విశ్వంలో ప్రతి ఘన సెంటీమీటరులో 400కు పైగా ఉన్నాయి. పదార్థం సంగతి చూస్తే, నాలుగు ఘన మీటర్లు గాలిస్తే సగటున ఒక్క ప్రోటానో న్యూట్రానో దొరుకుతుంది. రెండూ పోల్చితే ఒక పదార్థ కణానికి వంద కోట్లకు మించి వెలుగు రేణువులు. కాబట్టి మొదట్లో ప్రతిపదార్థ కణాలు వంద కోట్లు ఉంటే పదార్థ కణాలు వంద కోట్లా ఒకటి ఉన్నాయన్నమాట. వంద కోట్ల జంటలు కాలి వెలుగైపోయాయి. జోడు లేని ఆ ఒక్కటీ మిగిలింది. కనిపించే లోకమంతా ఆ మిగులే.

దూరంగా ఎక్కడో ప్రతిపదార్థంతోనే చేసిన నక్షత్రాలు, గెలాక్సీలు ఉండకూడదా అన్న అనుమానం సహజం. చూపుకు అవి మామూలు వాటిలాగే ఉంటాయి, వెలుగులో తేడా తెలియదు. కానీ నక్షత్రాల మధ్య చోటు పూర్తిగా ఖాళీ కాదు, అక్కడ పలచగా వాయువు పరుచుకుని ఉంటుంది. పదార్థపు సీమా ప్రతిపదార్థపు సీమా కలిసే పొలిమేర ఎక్కడున్నా అక్కడ నిరంతరం గామా కిరణాలు పుడుతూ ఉండాలి. అలాంటి పొలిమేర వెలుగు ఏ దూరదర్శినికీ చిక్కలేదు. అంతరిక్ష కేంద్రానికి 2011లో అమర్చిన ఏఎంఎస్ అనే పరికరం విశ్వకిరణాలను ఒక్కొక్కటిగా తూచి చూస్తోంది. పదివేల ప్రోటాన్లకు ఒకటో రెండో యాంటీప్రోటాన్లు అందులో కనిపిస్తున్నాయి. అవి కూడా దారిలో జరిగిన ఢీల్లో పుట్టినవేనని చాలావరకు లెక్క కుదురుతోంది.

పోనీ, ప్రతిపదార్థం గుణమే వేరా? జెనీవా దగ్గరి సెర్న్‌లో ఆల్ఫా బృందం యాంటీప్రోటాన్‌కు పాజిట్రాన్‌ను జతచేసి యాంటీహైడ్రోజన్‌ను తయారుచేసింది. అది పీల్చుకునే వెలుగు రంగు మామూలు హైడ్రోజన్ రంగుతో లక్ష కోట్లలో రెండు పాళ్ల తేడా దాకా సరిపోయిందని 2018లో చెప్పారు. 2023లో దాన్ని వదిలిపెట్టి చూశారు. అదీ కిందికే పడింది. ఈ పరీక్షల్లో కవలలు విడిపోలేదు. అందుకే ఆ ఒక్కటి ఎలా మిగిలిందన్నది ఇంకా పెద్ద ప్రశ్న అయింది.

దీనికి జవాబు ఎలా ఉండాలో 1967లో సోవియట్ శాస్త్రవేత్త ఆంద్రే సఖరోవ్ ఒక చిన్న వ్యాసంలో చెప్పాడు. ఆ దేశపు హైడ్రోజన్ బాంబు తయారీలో ముఖ్యుడు, తరవాత 1975లో నోబెల్ శాంతి బహుమతి పొందినవాడు ఆయనే. ఆయన మాట ప్రకారం మూడు షరతులు కుదరాలి. మొదటిది, ప్రోటాన్, న్యూట్రాన్ లాంటి కణాల మొత్తం లెక్క మారగలగాలి. అవి ఎన్నటికీ తరగవు, పెరగవు అనే నియమం ఎక్కడో ఒకచోట తప్పాలి. రెండోది, ప్రకృతి పదార్థాన్నీ ప్రతిపదార్థాన్నీ ఒకే కంటితో చూడకూడదు, కాస్త పక్షపాతం ఉండాలి. మూడోది, ఈ మార్పు జరిగే వేళ విశ్వం సమతూకంలో ఉండకూడదు. లేకపోతే ఒక దిక్కున జరిగిన పని ఎదురు దిక్కున చెరిగిపోతుంది.

మొదటి షరతులో ఒక గొప్ప పర్యవసానం దాగి ఉంది. ఆ నియమం తప్పేదే అయితే ప్రోటాన్ కూడా శాశ్వతం కాదు. ఎంత కాలానికైనా సరే, అది కూడా చావాలి. ప్రోటాన్ చావును చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి?

ధర్మపురికి ఉత్తరాన, కాకిదారిన సుమారు 90 కిలోమీటర్ల దూరంలో, కోలారు బంగారు గనులున్నాయి. జాన్ టేలర్ కంపెనీ 1880 నుంచి అక్కడ తవ్వకం సాగించింది. నూరేళ్లకు పైబడిన తవ్వకంలో ఆ నేల సుమారు 800 టన్నుల బంగారం ఇచ్చింది. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది, ప్రపంచంలోనే అతి లోతైన గనుల్లో ఒకటి. అట్టడుగున రాయి వేడి 60 డిగ్రీలు దాటేది. రాళ్లు ఒత్తిడికి పేలిపోయి మనుషుల్ని మింగేసేవి. 1902లో శివసముద్రం జలపాతం నుంచి తీగలు లాగి ఈ గనులకు కరెంటు ఇచ్చారు. శివసముద్రంలో గనికి వెలుగిచ్చిన ఆ కావేరే దిగువకు వచ్చి ధర్మపురి జిల్లాలో హోగెనక్కల్ దగ్గర దూకుతుంది. ఉత్తర ఆర్కాడు, చిత్తూరు, సేలం సీమల నుంచి వేలమంది కూలీలు ఆ గనులకు వలసపోయారు. వాళ్లలో ఎక్కువమంది దళితులు. ధర్మపురి అప్పట్లో సేలం జిల్లాలోదే. రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట, ఊరుగాం, మారికుప్పం వీధుల్లో తమిళం, తెలుగు, కన్నడం కలగలిసిపోయాయి. ఈ దేశపు భూగర్భ భౌతికశాస్త్రం ఆ కూలీలు తవ్విన సొరంగాల మీదే నిలబడింది. శాస్త్ర చరిత్రలు రాసేవాళ్లు ఈ మాట తప్పకుండా రాయాలి.

1951లో భాభా టాటా మౌలిక పరిశోధన సంస్థ నుంచి బి.వి. శ్రీకంఠన్ అనే యువకుణ్ని అక్కడికి పంపాడు. పని సులువుగానే కనిపించింది: విశ్వకిరణాల నుంచి పుట్టే మ్యూయాన్ అనే కణాలు నేలలో ఎంత లోతు దాకా దూసుకుపోతాయో కొలవాలి. నేల మీద అరచేయి చాచితే సెకనుకు ఒకటి చొప్పున మ్యూయాన్లు దాటిపోతుంటాయి. లోతుకు దిగేకొద్దీ రాయి వాటిని ఆపేస్తుంది. కొన్నేళ్లకు 2760 మీటర్ల లోతున పరికరాలు పెట్టి రెండు నెలలు కూర్చుంటే ఒక్క మ్యూయాన్ కూడా రాలేదు. మామూలుగా అయితే ఇది ప్రయోగం ముగింపు. శ్రీకంఠన్ బృందం అక్కడ ఇంకో సంగతి పట్టుకుంది. ఇంత నిశ్శబ్దమైన చోట్లు భూమ్మీద చాలా అరుదు. నేల మీద వినపడని కణాలు ఇక్కడ వినపడతాయి.

మొదట వినపడింది న్యూట్రినో. విశ్వకిరణాలు గాలిని ఢీకొన్నప్పుడు పుట్టే న్యూట్రినోలు భూమినే దాటిపోతాయి. ఎన్నో కోట్లలో ఒకటి రాతిలో తగిలి మ్యూయాన్‌ను పుట్టిస్తుంది. 2.3 కిలోమీటర్ల లోతున, కణం తగిలితే మెరిసే సింటిలేటర్లు, నియాన్ ఫ్లాష్ గొట్టాలు పేర్చి టాటా సంస్థ, జపాన్‌లోని ఒసాకా నగర విశ్వవిద్యాలయం, ఇంగ్లండులోని డర్హమ్ విశ్వవిద్యాలయం కలిసి కాపు కాశాయి. వాతావరణంలో పుట్టిన న్యూట్రినోలను చూశామని చెప్పే వాళ్ల వ్యాసం 1965 ఆగస్టు 15న అచ్చయింది. దక్షిణాఫ్రికాలోని మరో బంగారు గనిలో ఇదే వేటలో ఉన్న ఫ్రెడరిక్ రైన్స్ బృందం వ్యాసం రెండు వారాల తరవాత వచ్చింది. కణం తమ పరికరంలో ముందుగా కనపడింది వాళ్లకే, అచ్చులోకి ముందు వచ్చింది కోలారు వాళ్లే. ఆ వ్యాసం రాసినవారిలో ఎం.జి.కె. మీనన్, శ్రీకంఠన్‌లతో పాటు పి.వి. రమణమూర్తి, వి.ఎస్. నరసింహం ఉన్నారు, తెలుగు చెవికి సొంతమనిపించే పేర్లు.

ఇక ప్రోటాన్ చావు. 1970ల మొదట్లో ఒడిశా బిడ్డ జోగేశ్ పతి, పాకిస్తాన్ శాస్త్రవేత్త అబ్దుస్ సలాం కలిసి ప్రకృతి బలాలను ఏకం చేసే సిద్ధాంతం ఒకటి ప్రతిపాదించారు. ప్రోటాన్ చావగలదని అందులో తేలింది. 1974లో జార్జి, గ్లాషో అనే అమెరికన్లు మరో సిద్ధాంతం తెచ్చారు. అందులో ప్రోటాన్ ఆయుష్షుకు లెక్క కూడా కుదిరింది: ఒకటి పక్కన 29 నుంచి 31 దాకా సున్నాలు పెడితే ఎన్ని సంవత్సరాలో అన్ని. విశ్వం వయసు 1380 కోట్ల ఏళ్లు, అంటే 11 అంకెల సంఖ్య. అన్నేళ్లు బతికే వస్తువు చావును ఎవరు చూడగలరు? ఒక్క ప్రోటాన్ ముందు కూర్చుంటే ఎవరూ చూడలేరు. కానీ ఒక టన్ను ఇనుములో ప్రోటాన్లూ న్యూట్రాన్లూ కలిపి ఒకటి పక్కన 30 సున్నాలకు దగ్గర సంఖ్యలో ఉంటాయి. వందల టన్నుల ఇనుమును ఒకచోట పోగేసి కావలి కాస్తే ఏడాదికి కొన్నయినా చావాలి. చచ్చేటప్పుడు ఆ ప్రోటాన్ పాజిట్రాన్‌నూ మరో కణాన్నీ వదలాలి. పదార్థం కరిగి ప్రతిపదార్థపు తునక బయటపడే ఆ క్షణం చిక్కితే, విశ్వం మొదట్లో జరిగిన పనికి ఎదురు దిక్కు పని కళ్లెదుట జరిగినట్టే.

ఆ కావలి కోసం చాంపియన్ రీఫ్‌లోని హీత్‌కోట్ షాఫ్ట్ దగ్గర, 2.3 కిలోమీటర్ల లోతున, 140 టన్నుల పరికరం కట్టారు. పది సెంటీమీటర్ల చదరపు ఇనుప గొట్టాల్లో వాయువు నింపి, నడుమ సన్నని తీగ బిగించి, వాటిని 34 వరసలుగా ఒకదాని మీద ఒకటి అడ్డంగా నిలువుగా పేర్చారు. మొత్తం సుమారు 1600 గొట్టాలు. కణం దాటిన గొట్టం విద్యుత్ సంకేతం ఇస్తుంది. ఏ గొట్టాలు పలికాయో చూస్తే కణం నడిచిన బాట తెలుస్తుంది. ఆ 140 టన్నుల ఇనుమూ గని షాఫ్ట్ గుండా కిందికి దిగిందే. 1980 చివర్లో ప్రయోగం మొదలైంది. ప్రోటాన్ చావు కోసమని కట్టి, నడిచిన పెద్ద పరికరాల్లో ప్రపంచంలో ఇదే మొదటిది.

1981లో ఆ బృందం ఒక వ్యాసం అచ్చు వేసింది. పరికరం లోపలే మొదలై అక్కడే ముగిసిన కొన్ని బాటలు తమకు కనిపించాయనీ, అవి ప్రోటాన్ చావులు కావచ్చుననీ అందులో రాశారు. ఆయుష్షు ఒకటి పక్కన 31 సున్నాల ఏళ్ల దరిదాపుల్లో ఉండవచ్చన్నారు. భౌతికశాస్త్ర లోకం కోలారు వైపు తిరిగింది. అమెరికాలో ఐఎంబీ అనే బృందం ఒహాయోలోని ఉప్పు గనిలో వేల టన్నుల నీళ్లతో తొట్టి కట్టింది. జపాన్ కమియోకా గనిలో ఇంకో తొట్టి కట్టింది. అవి కోలారు కంటే ఎన్నో రెట్లు పెద్దవి. కోలారు చెప్పిన ఆయుష్షే నిజమైతే వాటిలో ప్రోటాన్లు తరచుగా చావాలి. చావలేదు. కోలారులో కనిపించిన బాటల్ని వాతావరణ న్యూట్రినోలే పుట్టించి ఉండవచ్చునన్న అభిప్రాయం నిలిచింది. జార్జి, గ్లాషోల సరళ సిద్ధాంతమూ కూలిపోయింది. ఇప్పుడు కమియోకాలోని 50 వేల టన్నుల సూపర్ కమియోకాండే తొట్టి చెప్పే మాట ఇది: పాజిట్రాన్‌ను వదిలే దారిలో ప్రోటాన్ చస్తే, దాని ఆయుష్షు 24 పక్కన 33 సున్నాల ఏళ్లకు తక్కువ కాదు.

కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు మనవాళ్లు, ఇక్కడ ఎలుక కూడా చిక్కలేదు కదా అనిపించవచ్చు. అలా అనుకోవడం అన్యాయం. ఆ వ్యాసంలో వాళ్లు వాడిన మాట 'కావచ్చు' అన్నదే. చూసింది చూసినట్టు చెప్పి, ఇతరులు పరీక్షించడానికి వీలు కల్పించారు. ప్రోటాన్ ఇంత గట్టి పిండమని తెలియడమే ఈ వెతుకులాట ఇచ్చిన పెద్ద విషయం. పైగా ప్రోటాన్ చావు కోసం కట్టిన కమియోకా, ఐఎంబీ తొట్లే 1987లో పక్క గెలాక్సీలో నక్షత్రం పేలినప్పుడు దాని న్యూట్రినోలను పట్టాయి. కోలారులో రెండో పరికరం, 260 టన్నులది, కొన్నేళ్లు నడిచింది. 1990ల మొదట్లో ప్రయోగం ఆగిపోయింది. గని నష్టాల్లో కూరుకుపోయింది. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. పంపులు ఆగిన తరవాత సొరంగాల్లో నీళ్లు నిండాయి. పైన సయనైడ్ మట్టి దిబ్బలు మిగిలాయి, ఉపాధి పోయిన కుటుంబాలు రోజూ రైళ్లెక్కి బెంగళూరుకు పనికి పోవడం మిగిలింది.

సఖరోవ్ రెండో షరతు, అంటే పక్షపాతం, ఇంకో దారిలో నడిచింది. 1964లో క్రోనిన్, ఫిచ్ అనే అమెరికన్లు కేయాన్ అనే కణం 22,700 సార్లు క్షీణించడం చూస్తే 45 సార్లు అది నిషిద్ధమైన దారి పట్టింది. పదార్థానికీ ప్రతిపదార్థానికీ ప్రకృతి ఒకే చట్టం అమలు చేయడం లేదని అలా మొదటిసారి తెలిసింది. కొబయాషి, మస్కావా అనే జపాన్ శాస్త్రవేత్తలు 1973లో దానికి కారణం ఊహించారు. 2001లో జపాన్‌లోని బెల్, అమెరికాలోని బాబర్ ప్రయోగాలు ఆ ఊహ నిజమని బీ మేసాన్లు అనే కణాల్లో చూపించాయి. 2008లో కొబయాషి, మస్కావాలకు నోబెల్ వచ్చింది. బెల్‌కు వారసుడైన బెల్ టూలో టాటా సంస్థతో పాటు హైదరాబాద్ ఐఐటీ, మద్రాసు ఐఐటీ, చెన్నైలోని గణిత విజ్ఞాన సంస్థ పాల్గొంటున్నాయి. అక్కడ ఎన్ని ఢీలు జరిగాయో లెక్కించడానికి వాడేది భాభా చెదరడాన్నే.

ఇంత చేసినా ఆ పక్షపాతం చాలదు. ఇప్పటి సిద్ధాంతంలో ఉన్నదంతా కలిపి లెక్కిస్తే, వంద కోట్లకు ఒకటి మిగలడానికి కావలసిన దానికంటే కోట్లాది రెట్లు తక్కువ వస్తుంది. 2025లో సెర్న్‌లోని ఎల్‌హెచ్‌సీబీ బృందం ప్రోటాన్ జాతికి చెందిన బరువైన కణంలోనూ ఈ పక్షపాతాన్ని మొదటిసారి చూసింది. 80 వేలకు పైగా క్షయాలు పరిశీలిస్తే పదార్థానికీ ప్రతిపదార్థానికీ దాదాపు రెండున్నర శాతం తేడా తేలింది. అదీ ఇప్పటి సిద్ధాంతం పరిధిలో ఇమిడిపోయేదే.

అందుకే చూపు మళ్లీ న్యూట్రినోల మీదికి మళ్లింది. 1986లో ఫుకుగిత, యనగిద అనే ఇద్దరు ఒక దారి చూపారు. విశ్వం మొదట్లో ఎంతో బరువైన న్యూట్రినోలు ఉండి ఉండవచ్చు. అవి క్షీణిస్తూ ఎలక్ట్రాన్ జాతి కణాలను ఒక పక్కకు కాస్త ఎక్కువగా వదిలి ఉండవచ్చు. ఆ మిగులు తరవాత ప్రోటాన్ జాతి మిగులుగా మారి ఉండవచ్చు. ఆ బరువైన న్యూట్రినోలను పుట్టించగల యంత్రం ఎక్కడా లేదు. తేలికపాటి న్యూట్రినోలైనా పక్షపాతం చూపుతాయా అని మాత్రం పరీక్షించవచ్చు. అమెరికాలో ఫెర్మీ ప్రయోగశాల నుంచి 810 కిలోమీటర్ల దూరంలోని 14 వేల టన్నుల పరికరానికి న్యూట్రినోలను పంపే నోవా ప్రయోగంలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం, హైదరాబాద్ ఐఐటీ భాగస్వాములు. జపాన్‌లో టీటూకే ప్రయోగం 295 కిలోమీటర్ల దూరానికి అదే పని చేస్తోంది. 2025లో ఆ రెండు బృందాలు తమ లెక్కలన్నీ కలిపి ప్రచురించాయి. న్యూట్రినోల బరువుల వరుస ఒక రకంగా ఉంటే పక్షపాతం ఉన్నట్టు ఆ లెక్కలు సూచిస్తున్నాయి. వరుస ఏదో ఇంకా తేలలేదు.

ఆ వరుస తేల్చడానికే తమిళనాడులో ఒక పరికరం కట్టాలనుకున్నారు. తేని జిల్లా బోడి పశ్చిమ కొండల్లో, పొట్టిపురం దగ్గర, 50 వేల టన్నుల అయస్కాంత ఇనుప పరికరం అది. న్యూట్రినో నుంచి రుణావేశపు మ్యూయాన్, ప్రతిన్యూట్రినో నుంచి ధనావేశపు మ్యూయాన్ పుడతాయి. అయస్కాంతంలో ఒకటి ఇటు, ఒకటి అటు వంగుతాయి. కోలారు ప్రోటాన్ ప్రయోగంలో పనిచేసిన నబ కె. మండల్ దీనికి నాయకత్వం వహించారు. కేంద్ర మంత్రివర్గం 2015 జనవరిలో ఆమోదించింది. కొండ తవ్వితే నీటి వనరులు, అడవి ఏమవుతాయని ఊరివాళ్లు అడిగారు. రాష్ట్ర ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. వ్యవహారం కోర్టుల్లో ఆగింది. ఊరివాళ్ల ప్రశ్నలు న్యాయమైనవి, వాటికి మొదటి రోజు నుంచే వాళ్ల భాషలో, వాళ్ల ఊళ్లో కూర్చుని జవాబు చెప్పి ఉండాల్సింది. ఆ పని సరిగా జరగనందుకు నష్టపోయింది శాస్త్రమే. ప్రస్తుతానికి మదురైలో 85 టన్నుల చిన్న నమూనా ఒకటి పనిచేస్తోంది.

అమెరికాలోని సౌత్ డకోటా రాష్ట్రంలో హోమ్‌స్టేక్ అనే బంగారు గని ఉంది. సూర్యుడి నుంచి వచ్చే న్యూట్రినోలను రేమండ్ డేవిస్ లెక్కపెట్టింది అందులోనే, ఆయనకు 2002లో నోబెల్ వచ్చింది. అదే 2002లో గని మూతపడింది. పంపులు ఆపారు, సొరంగాల్లో నీళ్లు నిండాయి. కోలారుకు పట్టిన గతే. కానీ 2006లో రాష్ట్ర ప్రభుత్వం గనిని తీసుకుంది, 2008 నుంచి నీళ్లు తోడించింది, లోపల ప్రయోగశాల నడుపుతోంది. దాదాపు కిలోమీటరున్నర లోతున డ్యూన్ అనే ప్రయోగానికి పెద్ద గదుల తవ్వకం 2024లో పూర్తయింది. ఫెర్మీ ప్రయోగశాల 1300 కిలోమీటర్ల దూరం నుంచి దానికి న్యూట్రినోలను, ప్రతిన్యూట్రినోలను పంపుతుంది. అక్కడ ఒక్కో ద్రవ ఆర్గాన్ తొట్టి 17 వేల టన్నులది. ఆ తొట్లలో న్యూట్రినోలతో పాటు ప్రోటాన్ చావు కోసం కూడా కాపు కాస్తారు. జపాన్‌లో సూపర్ కమియోకాండే కంటే ఎన్నో రెట్లు పెద్దదైన హైపర్ కమియోకాండే కూడా ఆ పని కోసమే సిద్ధమవుతోంది. మన విశ్వవిద్యాలయాల విద్యార్థులు అలాంటి ప్రయోగాల కాపలాలో షిఫ్టులు చేస్తున్నారు. సొంత గడ్డ మీద అలాంటి పరికరం ముందు కూర్చునే అవకాశం మాత్రం వాళ్లకు ఇంకా రాలేదు.